మోటారు బండి వెనుక ఇరుసు రొద: కారణ నిర్ణయము, నివారణము

మన కర్నూలు, కడప సీమలలో పూర్వము ఎద్దుల బండి చేసిన పనిని నేడు పికప్పు బండి చేయుచున్నది. పత్తికొండ టమాటాలు, కర్నూలు ఉల్లిగడ్డలు, పులివెందుల అరటిగెలలు, బేతంచెర్ల నాపరాళ్లు దానిమీదనే సంతలకును మార్కెట్టులకును చేరుచున్నవి. ఒక్కొక్క బండిని నమ్ముకొని ఒక్కొక్క కుటుంబము బ్రతుకుచున్నది. బండి ఒక దినము నిలిచిన ఆ దినపు కూలి పోవును; ఒక వారము నిలిచిన అప్పు వాయిదా తప్పును. అట్టి బండి వెనుక భాగమునుండి అంతకు మున్నెన్నడును లేని రొద పుట్టినప్పుడు యజమాని ఏమి చేయవలెను?

లోకములో సాధారణముగా మూడు విధముల వారు కానవచ్చుచున్నారు. కొందరు ఆ రొదను పాటింపక బండిని నడుపుచునే యుందురు. కొందరు చిక్కని నూనెయో గ్రీసో పోసి దానిని అణచివేయుదురు. మరికొందరు భయపడి, కారణము తెలియకయే లోపలి సామానంతయు మార్పింతురు. ఈ మూడు మార్గములును నష్టకరములే. రొద శత్రువు కాదు, సాక్షి. సాక్షి నోరు మూయించిన న్యాయము జరుగదు. వాని మాట విని, విచారించి, కారణమును తొలగించినచో రొద తనంతట తానే శాంతించును. ఆ విచారణ ఎట్లు చేయవలెనో మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

డిఫరెన్షియలు అనగానేమి?

ఎద్దుల బండిలో ఇరుసు తిరుగదు. చక్రములు రెండును ఇరుసుపై దేనికది విడివిడిగా తిరుగును. కావున బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము ఎక్కువగను, లోపలి చక్రము తక్కువగను తిరిగినను చిక్కు లేదు. మోటారు బండిలో నట్లు కాదు. ఇంజను శక్తిచేత వెనుక చక్రములు రెండును త్రిప్పబడవలెను. ఆ రెంటిని ఒకే కడ్డీకి బిగించినచో మలుపులలో ఒక చక్రము నేలపై ఈడ్వబడి, టైరు అరిగి, కడ్డీ మెలిపడి విరుగును.

ఈ భేద మెంతయో లెక్క వేసి చూడవచ్చును. వెనుక చక్రముల నడిమి దూరము 1.4 మీటర్లనుకొందము. బండి ఒక సమకోణపు మలుపు తిరిగినచో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె సుమారు 2.2 మీటర్లు ఎక్కువ దూరము పోవును. మలుపు చిన్నదైనను పెద్దదైనను ఈ భేదము మారదు. చక్రము ఒక చుట్టునకు సుమారు 2.1 మీటర్లు సాగును గనుక, ప్రతి సందు మలుపునందును వెలుపలి చక్రము దాదాపు ఒక చుట్టు అధికముగా తిరుగవలసియున్నదన్నమాట.

శక్తిని రెండు చక్రములకు పంచుచు, వాని వేగములందు భేదమునకు చోటిచ్చునట్టి దంతచక్రముల కూటమియే డిఫరెన్షియలు. 1828వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు ఒనెసిఫోర్ పెకర్ ఆవిరి బండి కొరకు దీనిని రూపొందించి పేటెంటు పొందెను. 1877లో ఇంగ్లాండునందు జేమ్సు స్టార్లీ మూడు చక్రముల సైకిలునందు దీనిని అమర్చెను. మోటారు బండ్లు పుట్టిన పిమ్మట ఇది వానికి తప్పనిసరి యంగమైనది.

ఇంజనునుండి వచ్చు పొడవైన షాఫ్టు కొనయందు పినియను అను చిన్న దంతచక్రముండును. అది క్రౌను వీలు అను పెద్ద దంతచక్రమును త్రిప్పును. క్రౌను వీలుతో కూడ తిరుగు పెట్టెలో, మెకానిక్కులు స్టారు గేర్లని పిలుచు చిన్న చక్రములుండును. బండి తిన్నగా పోవునప్పుడు ఈ స్టారు గేర్లు తమ కడ్డీపై తిరుగక, పెట్టెతో కలిసి పోవుచుండును. మలుపునందు మాత్రమే అవి తమ కడ్డీపై తిరిగి, ఒక ప్రక్క తగ్గిన వేగమును రెండవ ప్రక్కకు చేర్చును. పినియనునకు రెండు బేరింగులు, పెట్టెకు రెండు బేరింగులు, చక్రములకు వేరు బేరింగులు కలవు. వీనిలో దేనికి లోపము కలిగినను రొద పుట్టును. కాని ఒక్కొక్క దాని స్వరము ఒక్కొక్క విధముగా నుండును.

మొదట వెనుక ఇరుసు నిర్దోషియేమో చూడుడు

వెనుకనుండి వచ్చు ప్రతి రొదయు డిఫరెన్షియలుది కాదు. టైర్లు, చక్రపు బేరింగులు, షాఫ్టు నడుమనుండు క్రాసులు గూడ రొద చేయును. గేర్ల పెట్టెను విప్పుటకు పూర్వము వీనిని పరీక్షింపవలెను.

టైర్ల హోరు నేలనుబట్టి మారును. తారు రోడ్డుమీద ఒక స్వరము, సిమెంటు రోడ్డుమీద మరియొక స్వరము, మట్టిబాటలో మరియొకటి వినిపించినచో దోషము టైర్లదే. డిఫరెన్షియలుకు నేల యెట్టిదైనను ఒకటే. టైర్లలో గాలి సమముగా నింపి, అరుగుదల ఒడుదుడుకుగా నున్నదేమో చూచిన సందేహము తీరును.

చక్రపు బేరింగు పాడైనచో, నిర్జనమైన తిన్నని రోడ్డుమీద మెల్లగా పోవుచు బండిని కొంచెము కుడికిని ఎడమకును త్రిప్పి చూడవలెను. కుడికి త్రిప్పినప్పుడు భారము ఎడమ చక్రముపై పడును; అప్పుడు గరగర హెచ్చినచో ఎడమ బేరింగునే అనుమానింపవలెను. ఎడమకు త్రిప్పినప్పుడు హెచ్చినచో కుడిదానిని. బండి బయలుదేరునప్పుడును, గేరు మార్చునప్పుడును ఒక్కసారి టక్కుమని కొట్టి ఊరకున్నచో షాఫ్టు క్రాసులను చేతితో పట్టి ఊపి చూడవలెను. వానిలో కదలిక యున్నచో చిన్న ఖర్చుతో పని తీరిపోవును.

డిఫరెన్షియలు పలుకు నాలుగు మాటలు

పై పరీక్షలలో ఏదియు తేలనిచో ఇక డిఫరెన్షియలును విచారింపవలెను. దీనికి చదునైన రోడ్డు కావలయును. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కర్నూలునుండి కడపకు పోవు రహదారి యందు తెల్లవారుజామున, రద్దీ లేని వేళ, అద్దములు దించి, రేడియో ఆపి, నడుపువాడొకడు, వినువాడొకడుగా ఇద్దరు పోవుట మేలు. ఒకే వేగమున మూడు విధములుగా నడిపి చూడవలెను: యాక్సిలరేటరు నొక్కి బండిని లాగించుచు, పూర్తిగా వదలి బండి తన యూపున తాను పోవునట్లు, లాగుటయు నీడ్చుటయు లేక సమముగా నడుచునట్లు.

మొదటిది: నొక్కినప్పుడు మాత్రమే, లేక వదలినప్పుడు మాత్రమే సన్నని ఊళ వినిపించుట. ఇది క్రౌను వీలు, పినియనుల దంతములు సరిగా కూడకపోవుటకు గుర్తు. దంతమునకు రెండు ముఖములు గలవు. లాగునప్పుడు ఒక ముఖమును, వదలినప్పుడు రెండవ ముఖమును భారము మోయును. అరిగిన ముఖమే అరచును.

రెండవది: నొక్కినను వదలినను మానక గుర్రుమను మోటు స్వరము. ఇది బేరింగుల స్వరము. పినియను బేరింగు అరిగి వదులైనప్పుడు యాక్సిలరేటరు వదలినవేళ ఈ స్వరము హెచ్చుట తరచుగా కానవచ్చును.

మూడవది: మలుపులయందు మాత్రమే వినిపించు రొద. తిన్నగా పోవునప్పుడు స్టారు గేర్లు తమ కడ్డీపై తిరుగవని పైన జెప్పితిమి. కావున మలుపునందే పుట్టు రొదకు అవియు, వాని వెనుక నుండు పలుచని వాషర్లును కారణములు.

నాలుగవది: క్రమము తప్పక టకటకమని కొట్టుట. ఏదో ఒక దంతము విరిగినది, లేక నలిగినది. ఇట్టి బండిని ఒక్క మైలు గూడ నడుపరాదు. విరిగిన ముక్క ఇతర దంతముల నడుమ చిక్కిన పెట్టె యంతయు పగులును.

లెక్కయు సాక్ష్యమే

మన విద్యార్థులు నేర్చిన గణితము ఇచ్చట మిక్కిలి యుపకరించును. ఒక బండి క్రౌను వీలునకు 41 దంతములు, పినియనునకు 8 దంతములు కలవనుకొందము. చక్రము ఒక మారు తిరుగునప్పటికి పినియను 5.125 మారులు తిరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున చక్రము సెకండునకు ఇంచుమించు 5.3 మారులు, పినియను 27 మారులు తిరుగును. దంతములు ఒండొంటిని సెకండునకు 217 మారులు తాకును. ఆ తాకిడియే సంగీత స్వరము వంటి సన్నని ఊళగా వినిపించును. వేగము 60కి హెచ్చినచో తాకిడి 325 అగును. స్వరమును ఆ మేరకు పైకి లేచును. దెబ్బ సెకండునకు అయిదు మారులు చొప్పున వినిపించినచో దోషము క్రౌను వీలుదో చక్రముదో. చెవి లెక్కింపజాలనంత వడిగా వినిపించినచో పినియనుది. ఇట్లు ఇనుప పెట్టెను విప్పకయే లోపలి దోషమును గుర్తింపవచ్చును.

కర్నూలునుండి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ఈ ఒక్క ప్రయాణములో చక్రము 95 వేల మారులును, పినియను 4 లక్షల 88 వేల మారులును తిరుగును. అన్ని మారులు ఇనుము ఇనుమును రాచుకొనుచున్నను అరుగకుండ కాపాడునది వాని నడుమనుండు నూనె పొర యొక్కటే.

నూనె చెప్పు సంగతి

ఎద్దుల బండికి కందెన వేయనిచో ఇరుసు కిర్రుమని యూరంతయు చాటును. మోటారు బండి అంత త్వరగా చాటదు. అది దాని గొప్పయు, దాని అపాయమును. గేరు నూనె తగ్గినను పైకేమియు తెలియదు. తెలియునప్పటికి నష్టము జరిగియుండును.

పరీక్ష సులభము. బండిని సమతలముపై నిలిపి, చల్లారిన పిదప, పెట్టెకు మీదుగా నుండు నూనె పోయు బిరడాను విప్పవలెను. రంధ్రము క్రింది అంచువరకు నూనె యుండవలెను. మార్చదలచినప్పుడు గూడ మొదట ఈ పై బిరడానే విప్పవలెను గాని క్రింది దానిని కాదు. క్రింది దానిని విప్పి నూనె విడిచిన పిదప పై బిరడా పట్టుకొని రానిచో బండి కదలుటకు వీలులేక అచ్చటనే నిలిచిపోవును.

నూనెను వ్రేళ్ల నడుమ రుద్ది చూడుడు. బిరడాకుండు అయస్కాంతముపై మెత్తని బూడిదరంగు ముద్ద పేరుకొనుట సహజము. కాని ముక్కలు, పెళ్లలు, మెరయు రేకులు కానవచ్చినచో లోపల ఏదియో నశించుచున్నది. నల్లబడి మాడు వాసన వచ్చినచో నూనె కాలిపోయినది. పాలవలె తెల్లబడినచో నీరు చేరినది.

నీరెట్లు చేరును? పెట్టెపై గాలి పోవుటకొక చిన్న గొట్టము కలదు. మన ప్రాంతపు ధూళిచే అది తరచు మూసికొనిపోవును. అప్పుడు లోపలి వేడిగాలి బయటికి పోవ వీలులేక నూనెను సీళ్లగుండ వెలికి త్రోయును. ఆ నూనె చక్రములలోని బ్రేకులపై పడిన బ్రేకులు పట్టవు. ఎండలో నడిచి వేడెక్కిన బండి వంకలోనికి దిగినచో లోపలి గాలి చల్లబడి కుంచించుకొని నీటిని లోనికి పీల్చును. 2009 అక్టోబరు మాసమున తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరము మునిగెను. 2021 నవంబరు 19వ తేదీని చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు గ్రామములు నీటిపాలయ్యెను. అట్టి వరదలలో ఇరుసువరకు మునిగిన బండి మరల కదలినంత మాత్రమున క్షేమమని తలంపరాదు. నూనెను వెంటనే మార్చనిచో కొన్ని మాసములకు బేరింగులు తుప్పుపట్టి గుర్రుమనును. ఆనాటికి వరద సంగతి యజమాని మరచియుండును.

ఏ నూనె పోయవలెనన్నది గూడ ముఖ్యమే. అనేకములగు బండ్లలో పినియను క్రౌను వీలు మధ్యమునకు కొంత దిగువగా కూడును. ఇట్టి అమరికను హైపాయిడు అందురు. 1926 ప్రాంతమున అమెరికాలోని ప్యాకార్డు కార్లలో ఇది ప్రవేశించెను. ఇందు దంతములు ఒండొంటిపై దొర్లుటయే గాక జారును గూడ. ఆ జారుడును ఓర్చుటకు గంధకము, భాస్వరము గల మందులు కలిపిన ప్రత్యేకమైన నూనె కావలెను. జీ.ఎల్.-5 అని డబ్బాపై ముద్రింపబడియుండునది అట్టిది. 80డబ్ల్యూ-90 మొదలగు అంకెలు చిక్కదనమును మాత్రమే తెలుపును. బండితో వచ్చిన పుస్తకములో ఏది వ్రాయబడియున్నదో అదియే పోయవలెను.

నివారణము

నూనె తగ్గుటయే దోషమైనచో, కారుచున్న సీలును మార్చి, గాలిగొట్టమును శుభ్రపరచి, క్రొత్త నూనె పోయవలెను. తొలిదశలో రొద ఇంతటితో తగ్గుటయు కలదు. బేరింగుల దోషమైనచో వానిని జతగా మార్చవలెను.

క్రౌను వీలు, పినియనులు జంటగా నూరబడి పుట్టినవి. ఒకదానిని మాత్రము మార్చి రెండవ పాతదానితో కూర్చినచో అవి ఎన్నటికిని పొసగవు. వానిని కూర్చునప్పుడు దంతముల నడుమ విడువవలసిన సందు అనేకములగు బండ్లలో 0.1 నుండి 0.25 మిల్లీమీటర్లు, అనగా ఒకటి రెండు కాగితముల మందము మాత్రమే. సందు తక్కువైన వేడెక్కి పట్టుకొనును, ఎక్కువైన కొట్టుకొనును. నేర్పరియైన మెకానిక్కు దీనిని డయలు గేజితో కొలుచును. పిమ్మట దంతములకు రంగు పూసి త్రిప్పి, ఆ రంగు దంతమునకు నడుమ తొలగినదో, అంచున తొలగినదో చూచి, పలుచని షిమ్ములను చేర్చియు తీసియు సరిచేయును. పినియను నట్టును బలము కొలది బిగించుట సేవ కాదు, అపకారము. అతిగా బిగించిన బేరింగులు కొలది దినములలో మాడిపోవును. క్రొత్త జంట వేసిన పిదప మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తక్కువ బరువుతో, మితమగు వేగముతో నడుపవలెను.

షెడ్డుకు పోయినప్పుడు "అన్నా, వెనుక సౌండు వస్తాంది, చూడు" అని మాత్రము చెప్పి ఊరకుండరాదు. ఏ వేగమున వచ్చును, నొక్కినప్పుడా, వదలినప్పుడా, మలుపులోనా, బరువుతోనా, వట్టిదిగానా, ఏనాటినుండి వచ్చుచున్నది అను సంగతులు కాగితముపై వ్రాసికొని పోవలెను. వైద్యునికి రోగి లక్షణములు చెప్పినట్లు చెప్పిన, మెకానిక్కు కాలమును యజమాని ధనమును రెండును మిగులును.

బండి క్రిందికి దూరి పరీక్షించువారికి ఒక హెచ్చరిక. చేతి బ్రేకు వెనుక చక్రములనే పట్టును గనుక, వెనుక భాగము ఎత్తునప్పుడు ముందు చక్రములకు తప్పక దిమ్మెలు వేయవలెను. జాకీని మాత్రము నమ్మి క్రిందికి పోరాదు. గట్టి స్టాండ్లపై నిలుపవలెను. అట్లు ఎత్తిన బండిని, ఇంజను ఆపి, చేతి బ్రేకు వదలి, గేరులో నుంచి ఒక చక్రమును ముందునకు త్రిప్పినచో రెండవది వెనుకకు తిరుగును. డిఫరెన్షియలు పనిని కంటితో చూడగోరు విద్యార్థులు పెద్దల సమక్షమున ఈ వింతను చూడవచ్చును.

కపట నివారణము

పాత బండ్లు అమ్మువారిలో కొందరు ఒక మోసము చేయుదురు. రొద చేయు డిఫరెన్షియలులో రంపపు పొట్టు వేయుటయు, మిక్కిలి చిక్కని గ్రీసు నింపుటయు కలదు. దంతముల నడుమ ఆ పదార్థము మెత్తగా నిలిచి కొలది దినములు రొద వినరాదు. కొన్న పేదవాడు సంతోషముతో ఇంటికి తోలుకొని పోవును. కాని ఆ పొట్టు నూనె దారులను మూసివేయగా బేరింగులు నూనె లేక ఎండి, ఎర్రగా కాలి, తుదకు బిగిసిపోవును. పినియను బిగిసిన వెనుక చక్రములు రెండును ఒక్కుమ్మడిగా నిలిచి బండి అదుపు తప్పి జారును. కడపకును రాయచోటికిని నడుమనున్న గువ్వలచెరువు ఘాటులో, నిండు బరువుతో దిగునప్పుడు ఇట్లు జరిగినచో దాని ఫలమును వర్ణింప నక్కరలేదు. కొన్ని రూపాయల కొరకు సాక్షి నోరు మూయించినవాడు అన్యుని ప్రాణమునే పణముగా నొడ్డినవాడు.

కావున పాత బండిని కొనువారు వెల మాట్లాడుటకు పూర్వమే నూనె బిరడా విప్పించి, ఒక పుల్లతో నూనెను తీసి చూడవలెను. అమ్మువాడు దాని కొప్పుకొననిచో అదియే జవాబు.

చిన్న రొదను విన్ననాడే విచారించువానికి ఒక సీలు, కొంత నూనెతో పని తీరును. ఆరు మాసములు ఓర్చుకొన్నవానికి బేరింగులును, ఏడాది ఓర్చుకొన్నవానికి క్రౌను వీలు పినియనులును, వానితోడి వారముల కొలది కూలియును పోవును. మన విద్యార్థులలో అనేకుల యిండ్లలో ఇట్టి బండ్లు కలవు. సెలవులలో ఇంటికి పోయినప్పుడు తండ్రి ప్రక్కన కూర్చుండి ఒక్క పది కిలోమీటర్లు చెవియొగ్గి వినుడు. విన్నదానిని వ్రాసి యుంచుడు. పాఠశాలలో నేర్చిన శబ్దశాస్త్రమును గణితమును కన్నవారి కష్టార్జితమును కాపాడుటకు వినియోగించినచో, ఆ విద్య సార్థకమైనదని చెప్పవచ్చును.